మధ్యాహ్నం నిద్రపోని తాతగారు

మా ఇంటి ఓనరు పోయారు. చిక్కడపల్లి మార్కెట్టు వెనక మా సందులో ఆయన్ని ఓనరు అని పిలిచేవాళ్ళు లేరు, అందరికీ తాతగారే. ఆ రోజు పొద్దున పాపని ప్లేస్కూలు ఆటో ఎక్కించి పైకొచ్చి, క్లాసుకి తయారవుతున్నాను. పక్క వాటా అక్క తలుపు కొట్టి, "జర కిందికి రా, తాత ఎట్లనో ఉన్నడు" అంది. పాల ప్యాకెట్లు తెచ్చి మెట్ల మీద కూర్చున్నారట. నేను దిగేసరికి ప్యాకెట్లు పక్కనే ఉన్నాయి, ఆయన గోడకి ఆనుకుని ఉన్నారు. అంబులెన్సు వచ్చింది గానీ అందులోవాళ్ళు ఆయన్ని ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయారు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు పెద్ద పెద్ద మాటలు వెతుక్కుంటాం. నాకు వెతుక్కునే ఓపిక లేదు. ఆయన పుస్తకాలు రాయలేదు, గుడి కట్టించలేదు. బషీర్‌బాగ్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత చేసిన పని ఒక్కటే, మా బిల్డింగులో, చుట్టుపక్కల ఇళ్ళలో ఉన్న పసిపిల్లల్ని మధ్యాహ్నం పూట నిద్రపుచ్చడం. అదీ ఒక పనేనా అని నవ్వేవాళ్ళకి పిల్లలన్నా లేకపోయి ఉండాలి, ఉన్న పిల్లల్ని ఇంకెవరన్నా పెంచి ఉండాలి.

మాది జనగామ దగ్గర పల్లె. గ్రూప్స్ పరీక్షలు రాద్దామని అశోక్ నగర్ వచ్చి, హాస్టల్లో ఉండి, రాసి రాసి, చివరికి రాసేవాళ్ళకి పాఠం చెప్పే పనిలో పడ్డాను. మా ఆయనది సిద్దిపేటలో బ్యాంకు ఉద్యోగం. పొద్దున బస్సెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే దిగుతాడు. తాతగారివాళ్ళు కృష్ణా జిల్లా నుంచి, హైదరాబాదు రాజధాని అయిన కొత్తలో, తండ్రి ఉద్యోగంతో పాటు వచ్చినవాళ్ళు. ఇన్నేళ్ళయినా ఆయన మాట అక్కడిదే. మేము కిరాయికి దిగిన రోజు నా యాస విని, "మీ మాట నాకు బాగా తెలుసమ్మా, నోరే తిరగదు" అన్నారు. అప్పటికే ఆయన భార్య పోయి కొంతకాలమైంది. కూతురు గాంధీనగర్‌లో ఉంటుంది, ఆదివారం ఆదివారం వచ్చి వండిపెట్టి వెళ్ళేది.

పాప పుట్టాక మా అమ్మ ఊరి నుంచి వచ్చింది. ఇరవై ఒకటో రోజున తొట్టెల వేశాం. అమ్మ తన చేత్తో కుట్టిన ఆవాల దిండు పాప తల కింద పెట్టింది, తల గుండ్రంగా రావాలని. దొర్లకుండా చుట్టూ మెత్తలు, పైన బొంత, తలకి ఊలు టోపీ, కాళ్ళ దగ్గర రెండు గుడ్డ బొమ్మలు, గది నిండా సాంబ్రాణి పొగ. తాతగారిని అక్షింతలు వేయమని పిలిచాం. ఆయన వేసి, పక్కకి జరగకుండా అక్కడే నిలబడిపోయారు. కాసేపటికి, "ఏమీ అనుకోకు తల్లీ, ఇందులోంచి కొన్ని తీసేయొచ్చా" అని మా అమ్మని అడిగారు. ఆమె జవాబు చెప్పేలోపే టోపీ తీశారు. తర్వాత బొమ్మలు, బొంత, మెత్తలు, ఆవాల దిండు. సాంబ్రాణి గిన్నె బయట వసారాలో పెట్టి కిటికీ తెరిచారు. చివరికి బిగుతుగా పరిచిన ఒక గుడ్డ, దాని మీద వెల్లకిలా మా పాప, అంతే మిగిలింది.

మా అమ్మకి కోపం వచ్చింది. రాదా మరి? "మా పిల్లలందరు గిట్లనే పెరిగిన్రు" అంది.

"పెరిగారమ్మా, ఎందుకు పెరగలేదు. ఆ మాట చెప్పగలిగేది పెరిగినవాళ్ళ గురించే కదా" అన్నారాయన.

ఆ మాట ఆమెకి ఎక్కలేదు, నాకూ ఎక్కలేదు. ముసలాయనది చాదస్తం అనుకున్నాం. అమ్మ ఊరికి పోయేదాకా ఆయన కిందికి దిగగానే దిండు పెట్టడం, మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినపడగానే తీసి కొంగులో దాచుకోవడం, ఆమెకి అదొక కాలక్షేపం అయింది. ఆయనకి తెలుసు. తెలిసి కూడా ఏమీ అనేవారు కాదు, చప్పుడు మాత్రం కాస్త ఎక్కువగా చేసుకుంటూ వచ్చేవారు. అమ్మ ఊరికి పోయాక ఆ ఆవాలు పోపుల డబ్బాలోకి పోయాయి.

ఆయన దగ్గర నేర్చుకున్నవన్నీ ఇలాంటి చిన్న చిన్న సంగతులే. చలేస్తోందేమోనని నేను పాప చేతులు పట్టుకు చూస్తుంటే, చేతులు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి, మెడ వెనక తడిమి చూడమనేవారు. ఉయ్యాల ఊపితే నిద్ర వస్తుంది గానీ ఎంత గట్టిగా ఊపితే అంత త్వరగా వస్తుందనుకోవద్దనేవారు. పాప ఏడ్చిన ప్రతిసారీ ఆకలనుకుంటే ఎట్లా, నిద్ర వచ్చినా ఏడుస్తారు, పెద్దవాళ్ళకి నిద్ర రాక కోపం వచ్చినట్టే అనేవారు. ఒక ఆదివారం మా ఆయన పాపని గుండెల మీద వేసుకుని సోఫాలో కునుకు తీస్తుంటే, కిరాయి ఇచ్చేవాడని కూడా చూడకుండా తట్టి లేపి, "నువ్వు మంచం మీద పడుకో నాయనా, దాన్ని దాని చోట పడుకోబెట్టు" అని పాపని ఎత్తుకున్నారు. మా ఆయన సాయంత్రం దాకా ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు.

పాపకి నడక వచ్చాక నేను మళ్ళీ క్లాసులకి వెళ్ళడం మొదలుపెట్టాను. ప్లేస్కూలు నుంచి ఆటో పన్నెండింటికి దింపుతుంది, నా క్లాసు అయ్యేసరికి మూడు దాటుతుంది. మధ్యలో ఉన్న ఆ కాస్త సమయం కోసం ఈ ఊళ్ళో ఎంతమంది ఆడవాళ్ళ ఉద్యోగాలు పోయాయో. నేను అడగకముందే ఆయన, కింద ముందుగదిలో మంచం ఖాళీయేగా అన్నారు. పక్క సందులో ఉండి గ్రూప్స్‌కి చదువుకుంటున్న ఒక పాలమూరు అమ్మాయి తన కొడుకుని అక్కడే దింపి లైబ్రరీకి పోయేది. ఒక్కోరోజు ఇద్దరు పిల్లలు, ఒక్కోరోజు నలుగురు. పెద్ద మంచం గోడకి జరిపి, నేల మీద మరో పరుపు వేసి ఉంచేవారు. తలుపులు మూసి చీకటి చేసేవారు కాదు. ఎండ తగలకుండా ఒక పల్చటి కర్టెన్, అంతే. చీకటి అక్కర్లేదు, మాట నెమ్మదిస్తే చాలు అనేవారు.

ఆయనకి పాట రాదు. కథ చెప్పేవారు, అదీ ఎలాంటి కథ? రాజు లేడు, పులి లేదు. మన సందులోంచి బయలుదేరి నారాయణగూడ దాకా నడిచి పోయే కథ. ఇస్త్రీ బండి వచ్చింది, బొగ్గులు చల్లారాయి. కూరగాయలామె గోనెపట్టా కప్పింది. ఫ్లైఓవర్ కింద ఆటో ఉంది, ఆటోలో ఎవరూ లేరు. ఇలా సాగుతుంది, గొంతు ఎక్కడా పైకి లేవదు. నేను ఒకసారి గుమ్మంలో నిలబడి విని, ఇదేం కథ తాతగారూ, ఏమీ జరగదేంది అన్నాను. "కథ రుచిగా ఉంటే లేచి కూర్చుంటారమ్మా. చప్పగా ఉండాలి" అన్నారు. నేను చెప్పే రాజ్యాంగం పాఠం ఆ లెక్కన చాలా మంచి జోలపాట అని ఆటపట్టించారు కూడా. నిజమే, పక్కనే ఉన్న హాస్టల్లో పిల్లలు ఆర్టికల్స్ పైకి చదువుకుంటుంటే కిటికీలోంచి వినపడేది. మా పాప అవి వింటూ నిద్రపోయేది. తనకి మాటలు వచ్చిన కొత్తలో 'ప్రాథమిక హక్కులు' అనేది, అర్థం తెలియకుండానే.

నేను క్లాసు నుంచి వచ్చేసరికి ఎప్పుడూ ఒకటే దృశ్యం. పిల్లలు పడుకుని ఉండేవారు, ఆయన మంచం పక్కన వైరు కుర్చీలో కూర్చుని ఉండేవారు. ఒళ్ళో పేపరు ఉండేది గానీ చూపు పేపరు మీద ఉండేది కాదు. ఆ వయసులో అన్నం తిన్నాక ఎవరికైనా కళ్ళు మూతలు పడతాయి. ఆయనకి పడేవి కావు. మీరు కూడా జర నడుం వాల్చొచ్చు కదా అంటే, "లేచేసరికి మనిషి కనపడాలమ్మా. కనపడతారని తెలిస్తేనే వీళ్ళకి పడుకునే ధైర్యం" అన్నారు. ఎంత ఓపిక అనుకున్నాను. ఆ మాట సందులో అందరితో చెప్పాను కూడా. మా పాప ఆ మాటని నాకంటే బాగా విన్నదని అప్పుడు నాకు తెలియదు.

ఆయన పోయిన రోజు మధ్యాహ్నం ఆటో ఎప్పటిలాగే వచ్చింది. దాన్ని ఆపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. గాంధీనగర్ నుంచి వచ్చిన వాళ్ళమ్మాయికి తోడుగా నేను నారాయణగూడ వెళ్ళాను, పూలు, మిగతా సామాను తేవడానికి. కృష్ణా జిల్లా నుంచి చుట్టాలు రావాలి కాబట్టి సాయంత్రం దాకా ఉంచాలన్నారు. ముందుగదిలోంచి మంచం తీసేసి, అక్కడ అద్దాల పెట్టె పెట్టి, అందులో ఆయన్ని పడుకోబెట్టారు. పాప ఆటో దిగి, రోజూ వచ్చినట్టే చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. పక్క వాటా అక్క ఎత్తుకుని, దానికి ఎట్లా చెప్పాలో తెలియక, "తాత బజ్జున్నడు బిడ్డా, లేపొద్దు" అంది. ఆమెని అనడానికి లేదు. ఈ దేశంలో పిల్లలకి అందరూ చెప్పే మాటే అది. చచ్చిపోయారు అంటే జడుసుకుంటారని మనకి భయం.

నేను తిరిగి వచ్చేసరికి పాప ఆ పెట్టె పక్కన, ఆయన కుర్చీలో, కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. పైకి పోదాం రా అని చెయ్యి పట్టుకుంటే రాలేదు.

"తాత లేస్తె నేను కనవడాలె గద" అంది.

పాలమూరు అమ్మాయి కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్ళిపోయింది. చివరికి బిస్కెట్టు ఆశ చూపి పైకి తీసుకుపోయాం. నేను కిటికీ మూసి ఉంచాను గానీ డప్పుల చప్పుడికి అది మంచం ఎక్కి అద్దంలోంచి చూసింది. సందులో ఆయన మీద పూలు కప్పి నలుగురు ఎత్తుకుపోవడం చూసింది.

ఆ తర్వాత మా ఇంట్లో నిద్ర లేదు. రెప్పలు బరువెక్కుతుంటే పాప లేచి నిలబడేది. గోడకి ఆనుకుని నిలబడి తూలేది. పడుకోబెడితే గుక్కపట్టి ఏడ్చేది. ఒళ్ళు తెలియకుండా ఒరిగిపోయినా, ఎవరైనా కదిలితే అరుస్తూ లేచేది. కళ్ళ కింద నలుపు వచ్చింది. తిండి తగ్గింది. మా అమ్మ ఫోన్‌లో దిష్టి తీయమంది, మిరపకాయలు దింపి పొయ్యిలో వేశాం. మధ్యాహ్నాలు పాపని చూసుకుంటున్న పక్క వాటా అక్క దర్గాకి తీసుకుపోయి తాయత్తు కట్టించింది. మా ఆయన బండి మీద ముందు కూర్చోబెట్టుకుని ఫ్లైఓవర్ మీద అటూ ఇటూ తిప్పేవాడు, గాలికి కునుకు పట్టేది, బండి ఆగగానే పోయేది. తాతగారి చప్పటి కథ నేను చెప్పబోయాను. ఇస్త్రీ బండి దగ్గరే చెవులు మూసుకుంది. ఎందుకు పడుకోవు తల్లీ, ఏమైతది, అని బతిమాలుతూ అడిగితే ఒక రోజు చెప్పింది.

"పడుకుంటె పూలేసి తీస్కపోతరు."

నేను ఎంతోమందికి పాఠం చెప్పేదాన్ని. ఏ ప్రశ్నకి ఏ జవాబో గడగడా చెప్పేదాన్ని. మూడేళ్ళు దాటిన పిల్ల అన్న ఆ మాటని దిద్దబోయి ఆగిపోయాను. తనకి తెలిసినంతలో అది అన్నదాంట్లో తప్పేముంది? పడుకున్నాడన్నారు, పూలేశారు, తీసుకుపోయారు, మళ్ళీ తేలేదు. ఇంతమంది పిల్లలకి నిద్ర ఇచ్చిన మనిషి చావు నా పిల్ల నిద్రని ఇలా ఎత్తుకుపోయిందే అని ఆయన మీదే కోపం వచ్చింది. ఆ కోపం ఎంత అన్యాయమో తెలిసి కూడా వచ్చింది. పిల్లల డాక్టరు నా మాట అంతా విని, మందు రాయలేదు. చనిపోవడం వేరు, పడుకోవడం వేరు అని మీ నోటితో మీరే చెప్పండి, మెత్తగా చెప్పండి గానీ నిజం చెప్పండి అన్నాడు. ఎట్లా చెప్పాలో తెలియక నేను రేపు, రేపు అనుకుంటూ గడిపాను.

కర్మకాండలన్నీ అయ్యాక గాంధీనగర్ అక్క కింది వాటా సర్దడానికి వచ్చింది. ముందుగది ఖాళీ అయితే హాస్టలుకి ఇవ్వమని అప్పుడే ఎవరో అడిగి పోయారట. నేను కూడా చెయ్యి వేశాను. పాప మెట్ల మీదే ఆగిపోయింది, లోపలికి రాలేదు. పాప నిద్ర సంగతి చెప్పాను. ఆమె చేతిలో దుప్పటి అట్లాగే పట్టుకుని విని, కుర్చీలో కూర్చుంది. నాన్న మధ్యాహ్నం నిద్రపోవడం తను పుట్టి బుద్ధి ఎరిగాక చూడలేదంది. తనకంటే ముందు ఒక బాబు ఉండేవాడట. మూడో నెల. ఎండాకాలం, వడగాలి లోపలికి రాకూడదని తలుపులూ కిటికీలూ వేసేశారు. మంచం మీద నుంచి పడకుండా చుట్టూ మెత్తటి దిండ్లు పేర్చారు, ఫ్యాను గాలి తగలకుండా దుప్పటి కప్పారు.

"భోజనాలయ్యాక అందరూ పడుకున్నారటండీ. కాఫీ వేళకి అందరూ లేచారు, వాడు తప్ప."

ఎందువల్లో ఎవరూ చెప్పలేకపోయారట. దిండ్ల వల్లా, వేడి వల్లా, ఏమీ లేకుండానేనా, డాక్టరు తెలియదన్నాడట. అమ్మ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, నాన్న మధ్యాహ్నం మళ్ళీ పడుకోలేదు, అంతే అంది. దుప్పటి మడత పెట్టి పక్కన పెట్టింది. పెరిగినవాళ్ళ గురించి ఆయన మా అమ్మతో అన్న మాట నాకు అప్పుడు అర్థమైంది, ఎవరికీ అక్కరకు రాని వేళ. ఆయనది ఓపిక అని ఊరంతా చెప్పుకుంటూ తిరిగాను. అది ఓపిక కాదు, భయం. ఏళ్ళ తరబడి, రోజూ అన్నం తిన్నాక, ఎవరి పిల్లలో పడుకుని ఉంటే ఆ కుర్చీలో కూర్చుని ఆయన భయపడ్డారు. ఆ భయం నీడన మా పిల్లలు హాయిగా నిద్రపోయారు.

మర్నాడు క్లాసు మానేశాను. మధ్యాహ్నం అన్నం తినిపించి, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాను. తాత పడుకోలేదు బిడ్డా, తాత చనిపోయిండు. చనిపోతె ఊపిరి ఉండది, ఆకలి కాదు, నొప్పి కాదు, మళ్ళ లేవరు, మళ్ళ రారు. నిన్ను ఎవరూ తీస్కపోరు. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. అది ఏడ్చింది. ఆయన పోయిన రోజు ఏడవాల్సిన ఏడుపు అది, దానికి అప్పుడు ఎవరూ ఏడ్చే వీలు ఇవ్వలేదు. నేనూ ఏడ్చాను. చాలాసేపటికి ముక్కు తుడుచుకుని అడిగింది.

"పడుకున్నోళ్ళు లేస్తరా?"

"లేస్తరు."

"అందరా?"

కిందటి రోజు విని ఉండకపోతే వెంటనే చెప్పేసేదాన్ని. దిండ్ల మధ్య ఉన్న ఆ మూడు నెలల బాబు, నేను ఎన్నడూ చూడని బాబు, మా ఇద్దరి మధ్యా ఉన్నాడు. నిజం చెప్పడానికి కూర్చున్నదాన్ని. పాప నా నోటికేసి చూస్తోంది.

"అందరు" అన్నాను.

నమ్మింది. అబద్ధాన్ని నిజం కన్నా తొందరగా నమ్మింది. నా మోచేతి మీదే కళ్ళు మూసుకుంది. ఎన్ని రోజుల నిద్ర బాకీయో, ఒక్కసారిగా ఒళ్ళు బరువెక్కింది. మెల్లగా పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాను. అశోక్ నగర్ కోచింగ్ సెంటరు నుంచి ఫోన్ వస్తూనే ఉంది, ఎత్తలేదు. గిన్నెలు తోమాలి, బట్టలు తియ్యాలి. లేవలేకపోయాను. పాప పొట్ట పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది, మళ్ళీ లేచేదాకా నా ఊపిరి ఆగుతుంది. పొద్దు వాలేదాకా అట్లాగే కూర్చున్నాను. రేపు కూడా కూర్చుంటాను, ఎల్లుండి కూడా. దీనికి ఎంత వయసు వస్తే నేను లేవగలనో నాకు తెలియదు.

సందులో దీపాలు వెలిగే వేళకి పాప కదిలింది. కళ్ళు తెరిచి నన్ను చూసింది. నవ్వుతుందని నేను ముందుకి వంగాను. అది మెల్లగా తల తిప్పి, నా భుజం మీదుగా గదంతా చూసింది, లేచేసరికి కనపడాల్సిన ఆ మనిషి కోసం. గోడ వైపు తిరిగి, కళ్ళు తెరుచుకునే పడుకుంది.